చేతులతో చదువుకునే బడి

పిల్లలూ! మొదట మీకొక ప్రశ్న. మీ ఇంట్లో కిటికీ ఉన్నది గదా! దాని చట్రం నాలుగు మూలలూ సరిగా ఉన్నాయో, ఏ మూలైనా కాస్త వాలిందో చెప్పాలి. మీ దగ్గర మూలమట్టం లేదు, కోణమానిని లేదు. ఒక దారం ముక్క మాత్రమే ఉన్నది. దానితో చెప్పగలరా?

ముప్ఫయి ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పిన నేను ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక తెల్లమొహం వేశాను. ఆ జవాబు నాకు పదిహేడేళ్ళ అమ్మాయి ఒకతె నేర్పింది. అంతకు ఎన్నో ఏళ్ళ క్రితమే మా బడిలో చదివిన ఒక కుర్రవాడు దాన్ని నా కళ్ళ ఎదటే చూపించాడు. కాని అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ కథంతా చెపుతాను, వినండి.

నేను ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి 2020లో విరమించుకున్నాను. వెళ్ళిపోయే ముందు బడి సామానంతా కొత్తవారికి అప్పగించాలి. స్టాకు రిజిస్టరు ముందు పెట్టుకుని అలమారాలు ఒకటొకటే తెరుస్తూ వచ్చాము. చివరి అలమారా తాళం ఎంతకీ తిరగలేదు. కొబ్బరినూనె పోసి, అటూ ఇటూ కదిలించగా చివరికి తెరుచుకున్నది. లోపల రెండు రంపాలు, నాలుగు ఉలులు, ఒక చిత్రిక, ఒక మూలమట్టం, ఒక సుత్తి ఉన్నాయి. ఇనుమనేది ఎక్కడ ఉన్నదో అక్కడల్లా ఎర్రగా తుప్పు. ఆ సామాను లెక్క సరిపోయింది. నా మనస్సు మాత్రం సరిపోలేదు. ఎందుకంటే ఆ తాళం వేసినవాణ్ణి నేనే.

2004లో మా బడి పదో తరగతి ఫలితాలు బాగా రాలేదు. ముఖ్యంగా లెక్కలలో చాలామంది తప్పారు. లెక్కలకు ఎక్కువ సమయం కావాలనుకున్నాను. వారానికి రెండు పీరియడ్లు చేతిపనికి ఉండేవి. "చెక్కలు కోసుకుంటూ కూచుంటే లెక్కలు వస్తాయా?" అనుకుని, ఆ రెండు పీరియడ్లనూ లెక్కలకు ఇచ్చేశాను. పనిముట్లు అలమారాలో పెట్టించి తాళం వేయించాను.

అంతకు కొద్దిరోజుల ముందు చేతిపని తరగతికి తనిఖీకి వెళ్ళాను. తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడు సుద్దముక్కలు పెట్టుకునే పెట్టె చేస్తున్నాడు. నాలుగు చెక్కలూ మేకులతో కూర్చి, వాడు ఒక దారం తీసుకుని ఈ మూలనుంచి ఆ మూలకు పట్టి చూశాడు. మళ్ళీ అదే దారాన్ని మిగిలిన రెండు మూలలకూ పట్టి చూశాడు. "పని మాని దారంతో ఆటలేమిట్రా?" అన్నాను. వాడు తల వంచుకుని దారం జేబులో పెట్టుకున్నాడు.

పీరియడ్లు తీసేసిన తరువాత వాడు ఒకరోజు నా గదికి వచ్చి, "మా క్రాఫ్టు పీరియడు మళ్ళీ ఎప్పుడు సార్?" అని అడిగాడు. "పరీక్షలయ్యాక చూద్దాంలే," అన్నాను. పరీక్షలయ్యాయి. పీరియడు మాత్రం రాలేదు. మరుసటి ఏడు వాడు పదో తరగతి లెక్కలలో తప్పాడు. మళ్ళీ బడికి రాలేదు.

తుప్పు పట్టిన ఆ పనిముట్లు చూశాక నాకు ఒక ఆలోచన పట్టుకున్నది. చేతిపనిని తీసివేయకుండా, దానిచేతనే పాఠాలు చెప్పించే బడి ఎక్కడైనా ఉంటే చూడాలి అని. విచారించగా మహారాష్ట్రలో పాబల్ అనే ఊళ్ళో "విజ్ఞాన్ ఆశ్రమం" ఉన్నదని తెలిసింది. 2023 డిసెంబరులో ప్రయాణం కట్టాను.

సికింద్రాబాదులో రాత్రి రైలెక్కాను. తెల్లవారేసరికి మహారాష్ట్ర పల్లెలు కనిపించసాగాయి. నల్లరేగడి నేలలు, చెరకు తోటలు, మధ్య మధ్య గుట్టలు. పూణేలో దిగి బస్సు పట్టుకున్నాను. పాబల్ పూణేకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, శిరూర్ తాలూకాలో ఉన్నది. నేను రాజగురునగర్ మీదుగా వెళ్ళాను. భగత్ సింగ్, సుఖదేవ్‌లతో పాటు 1931 మార్చి 23న ఉరికంబమెక్కిన రాజగురు పుట్టిన ఊరది. పూర్వం దాని పేరు ఖేడ్. ఆ వీరుడి పేరు మీద రాజగురునగర్ అయింది.

పాబల్‌లో కూడా చరిత్ర ఉన్నది. బాజీరావు పీష్వా పేరు మీరు చరిత్ర పుస్తకంలో చదివి ఉంటారు. ఆయన భార్య మస్తానీ 1740లో చనిపోయింది. ఆమె సమాధి ఈ ఊళ్ళోనే ఉన్నది.

ఊరి చుట్టూ చూస్తే నేల పొడిగా కనిపిస్తుంది. కారణమేమంటే, నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదనుంచి వచ్చి సహ్యాద్రి కొండలను ఢీకొంటాయి. మేఘాలు పైకి లేచి, చల్లబడి, కొండల పడమటి వైపునే చాలా వాన కురిసేస్తాయి. కొండ దాటి తూర్పుకు వచ్చేసరికి వాటిలో నీరు తక్కువ మిగులుతుంది. ఇటువంటి చోటును వర్షచ్ఛాయా ప్రాంతమంటారు. మన అనంతపురం ప్రాంతానికి వాన తక్కువ కావటానికి కూడా ఇటువంటి కారణమే ఒకటి ఉన్నది. పాబల్ అటువంటి వానకరువు ప్రాంతపు పల్లె.

అటువంటి పల్లెకు ఒక శాస్త్రజ్ఞుడు కావాలని వచ్చాడు. ఆయన పేరు డాక్టర్ శ్రీనాథ్ కల్బాగ్. 1928లో పుట్టాడు. అమెరికాలో ఆహార సాంకేతిక శాస్త్రం చదివి డాక్టరేటు పొందాడు. తరువాత ముంబయిలో హిందుస్థాన్ లీవర్ కంపెనీ పరిశోధనా కేంద్రంలో పెద్ద ఉద్యోగం చేశాడు. ఆ ఉద్యోగం వదిలిపెట్టి, భార్యతో సహా ఈ పల్లెకు వచ్చి, 1983లో విజ్ఞాన్ ఆశ్రమాన్ని ప్రారంభించాడు. 2003లో చనిపోయేవరకూ ఈ పనిలోనే ఉన్నాడు.

ఆయన చూసిన విషయం చాలా చిన్నది. పసిపిల్ల ఎలా నేర్చుకుంటుంది? వస్తువును పట్టుకుంటుంది, విసురుతుంది, విప్పుతుంది, మళ్ళీ కూర్చుతుంది. అలా నేర్చుకుంటూ వచ్చిన పిల్లను బడిలో వేయగానే, "చేతులు కట్టుకుని కూచో!" అంటాము. పల్లె పిల్లలు బడి మానటానికి ఇది కూడా ఒక కారణమని ఆయన అనుకున్నాడు. వాళ్ళకు తెలివి లేక కాదు. వాళ్ళు నేర్చుకునే దారిని బడి మూసేసింది.

ఆశ్రమంలో అడుగు పెట్టగానే నాకు కనిపించినవి గుమ్మటాలు. బోర్లించిన బుట్టల్లాంటి గుండ్రని ఇళ్ళు! దగ్గరికి వెళ్ళి చూస్తే వాటి ఒళ్ళంతా త్రిభుజాలే. ఇనుప చట్రాన్ని త్రిభుజాలుగా కూర్చి, దానిమీద సన్నని తీగవల పరిచి, సిమెంటు గచ్చు మెత్తుతారు. తీగవల, సిమెంటు కలిసిన ఈ పొరను ఫెర్రోసిమెంటు అంటారు. పొర పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది.

త్రిభుజాలే ఎందుకు? ఇది మీరు ఇంట్లోనే చూడవచ్చు. నాలుగు చీపురుపుల్లలను చదరంగా పెట్టి, మూలల్లో దారంతో కట్టండి. ఒక మూలను వేలితో నెట్టండి. చదరం పక్కకు వాలిపోతుంది. పుల్లల పొడవు మారలేదు, కాని ఆకారం మారిపోయింది. ఇప్పుడు మూడు పుల్లలను త్రిభుజంగా కట్టి నెట్టండి. పుల్ల విరగాలే తప్ప త్రిభుజం వాలదు. మూడు భుజాల పొడవులు నిర్ణయమైతే త్రిభుజం ఆకారం కూడా నిర్ణయమైపోతుంది. మీ రేఖాగణితంలో ఉన్న సూత్రమే ఇది. అక్కడి పిల్లలు దాన్ని ఇల్లుగా నిలబెట్టారు. ఈ పుల్లల సంగతి కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇక్కడ ఏడాదిపాటు ఉండి నేర్చుకునే డిప్లొమా ఒకటి ఉన్నది. ఎనిమిదో తరగతి చదివినవారు చేరవచ్చు. పరీక్ష తప్పినవారు, బడి మానినవారు కూడా వస్తారు. ఇదిగాక, ఉన్నత పాఠశాలలకోసం వీరు తయారుచేసిన పాఠ్యక్రమం మరొకటి ఉన్నది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు వారానికి ఒక రోజు పుస్తకాలు పక్కన పెట్టి చేతులతో పని చేస్తారు. మహారాష్ట్ర పదో తరగతి బోర్డు దీన్ని పరీక్ష విషయంగా గుర్తించింది.

వారు నేర్చుకునేవి నాలుగు విభాగాలు. ఒకటి, ఇనుము, కర్ర, సిమెంటు పనులు. రెండు, విద్యుత్తు, ఇంధనం, పరిసరాలు. మూడు, వంట, ఇల్లు, ఆరోగ్యం. నాలుగు, వ్యవసాయం, పశుపోషణ. అన్నీ అందరూ నేర్చుకోవాలి. మగపిల్లలు రొట్టెలు చేస్తారు, ఆడపిల్లలు వెల్డింగు చేస్తారు. "ఇది మా పని కాదు" అనే మాట అక్కడ చెల్లదు.

ఇంకొక నియమం నాకు మరీ నచ్చింది. చేసే వస్తువు ఎవరికో ఒకరికి నిజంగా పనికిరావాలి. మన బళ్ళలో పిల్లలు చేసిన వస్తువులు ప్రదర్శన నాడు బల్లమీద పెట్టి, మర్నాడు మూల పడేస్తాము. ఇక్కడ అలా కాదు. ఊళ్ళో ఒకరికి గేటు కావాలి. మరొకరికి నీటి తొట్టె కావాలి. పిల్లలు వెళ్ళి కొలతలు తీసుకుంటారు. బొమ్మ గీస్తారు. ఎంత సామాను పడుతుందో, ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తారు. చేసి ఇచ్చి, డబ్బు తీసుకుంటారు. డబ్బు ఇచ్చేవాడు ఊరుకుంటాడా? గేటు మూసి చూస్తాడు, తెరిచి చూస్తాడు. వాడే పరీక్షాధికారి!

నీటికి కరువైన ప్రాంతం గనక, అక్కడి విద్యార్థులు భూగర్భజలాన్ని వెతికే పరీక్ష కూడా నేర్చుకుంటారు. అది ఎలాగంటే, నాలుగు ఇనుప కడ్డీలను ఒకే వరసలో, సమాన దూరాలలో నేలలో దిగగొడతారు. బయటి రెండు కడ్డీలగుండా నేలలోకి విద్యుత్తు పంపుతారు. లోపలి రెండు కడ్డీల మధ్య వోల్టేజి కొలుస్తారు. తడిసిన నేలలో విద్యుత్తు సులువుగా పారుతుంది, ఎండు రాతిలో పారదు. అంటే, నిరోధం తక్కువగా ఉన్నచోట తడి ఉండవచ్చునన్నమాట. కడ్డీల మధ్య దూరం పెంచినకొద్దీ విద్యుత్తు మరింత లోతుకు వెళ్ళి పైకి వస్తుంది. కాబట్టి పైననే నిలబడి లోతు సంగతి ఊహించవచ్చు. నీరు తప్పక పడుతుందని ఈ పరీక్ష మాట ఇవ్వదు. కాని బోరు ఎక్కడ వెయ్యాలో తెలియక అప్పు చేసే రైతుకు ఇది ఎంత సహాయమో ఆలోచించండి. భౌతికశాస్త్రంలో ఓమ్ సూత్రం అని ఒకటి ఉన్నది గదా! నేను పిల్లలచేత దాన్ని వందసార్లు రాయించాను. అది పొలంలోకి నడిచి వెళ్ళటం అక్కడే చూశాను.

ఇక నా పరాభవం సంగతికి వస్తున్నాను.

పనిశాలలో పిల్లలు ఇనుప బల్లకు చట్రం చేస్తున్నారు. "మీరూ ఒకటి చేస్తారా, ఆజోబా?" అన్నది ఒక అమ్మాయి. ఆజోబా అంటే మరాఠీలో తాతగారు అని అర్థం. అంతవరకూ నేను మేష్టారునని అందరికీ గర్వంగా చెప్పుకున్నాను గనక, కాదనలేకపోయాను.

చట్రం పొడవు 80 సెంటీమీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు. నేను టేపుతో కొలిచి, సుద్దతో గీత గీసి, హ్యాక్‌సా రంపంతో నాలుగు ముక్కలు కోశాను. ఒక్కొక్క ముక్క కోసేసరికి చెమట పట్టింది. పొడవులు మాత్రం సరిగ్గా వచ్చాయి. నాలుగింటినీ నేలమీద పేర్చాను. ఆ అమ్మాయి కళ్ళకు నల్ల అద్దాల ముసుగు పెట్టుకుని, నాకూ ఒకటి ఇచ్చి, మూలల్లో చుక్కలు చుక్కలుగా మాత్రం అతికింది. వెల్డింగు వెలుగును ఉత్త కళ్ళతో ఎన్నడూ చూడకూడదు పిల్లలూ, కళ్ళు దెబ్బతింటాయి.

"పూర్తిగా అతకవేం?" అన్నాను.

"ఇంకా చూడలేదు గదా, ఆజోబా! మూలలు సరిగా ఉన్నాయా?" అన్నది.

నేను వంగి చూశాను. నా కంటికి సరిగానే ఉన్నాయి. "కొలతలన్నీ సరిపోయాయి. ఎదురెదురు భుజాలు సమానం. ఇంకేం కావాలి?" అన్నాను.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. టేపు తీసి ఒక మూలనుంచి ఎదుటి మూలకు పట్టింది. 101 సెంటీమీటర్లు. మిగిలిన రెండు మూలలకు పట్టింది. 99 సెంటీమీటర్లు.

"రెండూ వంద రావాలి," అన్నది.

నా ఒళ్ళు ఝల్లుమన్నది. 60 వర్గం 3600. 80 వర్గం 6400. రెండూ కలిపితే 10000. దాని వర్గమూలం 100. లంబకోణ త్రిభుజంలో కర్ణం! ప్రతి సంవత్సరం నల్లబల్ల మీద రాసి, పిల్లలచేత వల్లె వేయించిన లెక్క! అది నా చేతిలో ఉన్న ఇనుప చట్రంలో ఉన్నదని నాకు తట్టలేదు.

చీపురుపుల్లల చదరం జ్ఞాపకమున్నదా? పుల్లల పొడవు సరిగా ఉన్నా చదరం వాలిపోయింది గదా! నా చట్రం కూడా అదే. భుజాలు సరిపోయినంత మాత్రాన మూలలు సరిపోవు. కాని ఎదురెదురు భుజాలు సమానమై, రెండు కర్ణాలు కూడా సమానమైతే, ఇక మూలలు లంబకోణాలు కాక తప్పదు. రెండు కర్ణాలు సమానమా కాదా అని చూడటానికి లెక్క కూడా అక్కరలేదు, టేపు కూడా అక్కరలేదు.

"టేపు లేకపోతే దారంతో కూడా చూస్తాం," అన్నది ఆ అమ్మాయి.

దారం! నేను అక్కడే స్టూలు మీద కూచుండిపోయాను. పందొమ్మిదేళ్ళ క్రితం సుద్దముక్కల పెట్టె ముందు దారం పట్టుకుని నిలబడ్డ కుర్రవాడు కళ్ళ ముందు కనిపించాడు. వాడు ఆడుకోలేదు. నేను నల్లబల్ల మీద చెపుతున్న లెక్కను వాడు పెట్టె మీద చేస్తున్నాడు. నేను లెక్కల కోసమని వాడి చేతినుంచి లెక్కలను లాక్కున్నాను.

"ఏమయింది ఆజోబా? పరవాలేదు, సరిచెయ్యవచ్చు," అన్నది ఆ అమ్మాయి. చుక్కలుగా మాత్రమే అతికింది గనక, పొడవైన కర్ణం ఉన్న మూలమీద సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేసింది. మళ్ళీ కొలిచింది. రెండువైపులా 100. అప్పుడు పూర్తిగా అతికింది. తప్పు బయటపడే వరకూ పూర్తిగా అతకకుండా ఉండటం కూడా ఒక తెలివే గదా!

తరువాత ఆమె నాచేత సామాను లెక్క వేయించింది. చట్రం చుట్టుకొలత 2.8 మీటర్లు. కాళ్ళు నాలుగు, ఒక్కొక్కటి 75 సెంటీమీటర్లు, మొత్తం 3 మీటర్లు. అంతా కలిపి 5.8 మీటర్లు. ఆ రకం ఇనుప యాంగిల్ మీటరుకు సుమారు 1.1 కిలో తూగుతుంది. అంటే దాదాపు ఆరున్నర కిలోలు. ఇనుము అమ్మేది తూకం మీద. దుకాణంలో కిలో ధర అడిగి గుణిస్తే ఖరీదు వస్తుంది. దానికి వెల్డింగు కడ్డీలు, రంగు, కూలి చేర్చాలి. "లెక్క తప్పితే నష్టం మాదే," అన్నది ఆమె నవ్వుతూ. అంత జాగ్రత్తగా లెక్క చేసిన విద్యార్థిని నేను పరీక్ష హాలులో కూడా చూడలేదు.

ఆశ్రమంలో మరొక వింత చూశాను. ఒక గదిలో కంప్యూటరులో గీసిన బొమ్మ ప్రకారం తనంతట తానే చెక్కను కోసే లేజరు యంత్రం, ప్లాస్టిక్కును పొరలు పొరలుగా పేర్చి వస్తువును తయారుచేసే త్రీడీ ప్రింటరు ఉన్నాయి. ఇటువంటి పనిశాలను ఫ్యాబ్ ల్యాబ్ అంటారు. అమెరికాలోని ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ విద్యాసంస్థ సహాయంతో 2002లోనే ఈ పల్లెలో దాన్ని ప్రారంభించారు. అమెరికా వెలుపల ఏర్పడిన తొలి ఫ్యాబ్ ల్యాబులలో ఇది ఒకటి. కాని ఆ యంత్రాలు వాడేవారు కూడా మొదట టేపు పట్టి కొలవాలి, బొమ్మ గీయాలి. కొలత తప్పితే లేజరు యంత్రం తప్పునే చక్కగా కోస్తుంది!

చేతిపని బడిలో ఉండాలనే ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1937లో వార్ధాలో జరిగిన సభలో గాంధీగారు చేతివృత్తి ద్వారానే చదువు చెప్పాలన్నారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం ప్రతి పిల్లవాడికీ ఉండాలన్నది. ఇంగ్లండులో 1990 నుంచి డిజైను, టెక్నాలజీ అనేది జాతీయ పాఠ్యక్రమంలో చేరింది. మన దేశంలో 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. మీలో కొందరి బళ్ళలో అవి ఉండే ఉంటాయి. అయితే ఇన్ని ఆలోచనలూ ఒక్క తాళంచెవితో ఆగిపోగలవు. ఆ తాళంచెవి నావంటివారి జేబులో ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో రైల్లో నాకు నిద్ర పట్టలేదు. ఇంటికి వచ్చిన మూడో రోజున మా పాత బడికి వెళ్ళి, ఇప్పటి ప్రధానోపాధ్యాయులవారిని ఆ అలమారా తెరిపించమని అడిగాను. ఆమె నా కథంతా విని, "శనివారం సాయంత్రాలు మీరే వచ్చి చెప్పండి మాస్టారూ," అన్నది.

మొదటి శనివారం పన్నెండుమంది పిల్లలు వచ్చారు. ముందుగా పనిముట్ల తుప్పు వదిలించాము. తరువాత, "ఈ బడిలో ఎవరికి ఏమి కావాలో చూసి రండి," అని పంపాను. మధ్యాహ్న భోజనం తరువాత కడిగిన పళ్ళాలు నేలమీద పెడుతున్నారనీ, వాటికి మట్టి అంటుతున్నదనీ ఇద్దరు ఆడపిల్లలు వచ్చి చెప్పారు. పళ్ళాలు నిలబెట్టే కర్రబల్ల చెయ్యాలని నిశ్చయించాము. ఎంత ఎత్తు ఉండాలి? ఆరో తరగతిలో అందరికన్నా పొట్టి పిల్లను పిలిచి, చెయ్యి ఎంతవరకూ అందుతుందో కొలిచారు. పళ్ళాలను లెక్కపెట్టారు. నీళ్ళు కారిపోవటానికి చెక్కల మధ్య సందు ఎంత ఉండాలో పోట్లాడుకుని తేల్చారు.

అయిదు శనివారాలకు బల్ల తయారయింది. నిలబెడితే గడగడ ఊగింది! పిల్లల మొహాలు చిన్నబోయాయి. "మూడు కాళ్ళ పీట ఎక్కడ పెట్టినా ఊగదు, నాలుగు కాళ్ళది ఊగుతుంది. ఎందుకు?" అని అడిగాను. మూడు కాళ్ళూ ఎప్పుడూ నేలను తాకుతాయి. నాలుగో కాలు సరిగ్గా అదే మట్టానికి వస్తేనే తాకుతుంది. అరగంట కొలిచి, ఒక కాలు 4 మిల్లీమీటర్లు ఎక్కువని కనిపెట్టారు. అరిచిన కేకలకు వంటమనిషి కూడా పరుగెత్తుకు వచ్చింది. కాలు కోశాక బల్ల నిలిచింది. ఇప్పుడు దానిమీద పళ్ళాలు ఉంటున్నాయి.

ఆ కుర్రవాడి కోసం విచారిస్తూనే ఉన్నాను. పట్నంలో ఉన్నాడని ఒకరు, మరో ఊళ్ళో ఉన్నాడని ఒకరు చెపుతున్నారు. దొరికితే వాణ్ణి ఒక శనివారం మా తరగతికి పిలుద్దామనుకుంటున్నాను. వాడికి చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లవాడు పాత గడియారం విప్పినా, చెక్కకు మేకు కొట్టినా, "చదువు మాని ఆ పనేమిటి?" అనబోయే ముందు ఒక్క నిమిషం ఆగి, వాడు ఏం చేస్తున్నాడో అడగండి. నేను అడగలేదు.

ఇక పిల్లలూ, మీకు చెప్పిన దారం పని మిగిలి ఉన్నది. మొదట కిటికీ చట్రంలో ఎదురెదురు పట్టీలు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. తరువాత మూలనుంచి మూలకు దారం పట్టండి. రెండువైపులా సరిపోతే కిటికీ చేసిన వడ్రంగికి మనసులో నమస్కారం పెట్టండి. సరిపోకపోతే ఏ మూల ఎంత వాలిందో మీరే చెప్పండి. చివరకు బడికి వెళ్ళి, మీ లెక్కల మేష్టారు బల్లకు కూడా దారం పట్టి చూడండి. ఆయన "ఏమిట్రా ఆటలు?" అంటే ఈ కథ చెప్పండి.